గడియ ఉన్న గది

తెల్లవారి కొళాయి దగ్గర రెండు బిందెలు పట్టుకుని వచ్చేసరికే దాలమ్మకు నడుం పట్టేసింది. హౌరాకు నది ఇవతల, వాట్‌గంజ్‌లో వీధులూడ్చే పనివాళ్ల క్వార్టర్లలో ఆమె కుటుంబానికి ఉన్నది ఒక్క గది, దాని ముందు చిన్న వరండా. ఆ వరండాకు గోనెపట్టా కట్టుకుని ఇరవై రోజులుగా వేదవతి, ఆమె పన్నెండేళ్ల కూతురు తలదాచుకుంటున్నారు.

వేదవతి రంగూన్‌లో పుట్టిన తెలుగు మనిషి. కిందటేడు, ఎనభై ఎనిమిదిలో, అక్కడి గొడవల్లో సైనికులు ఆమె భర్తను పట్టుకుపోయారు. పిల్లతో అడవిదారిన సరిహద్దు దాటి, రైల్లో హౌరా చేరింది. స్టేషన్లో దాలమ్మ నోట తెలుగు విని వెంట వచ్చేసింది. ఆశ్రయం కోసం ఢిల్లీకి అర్జీ పంపారు, జవాబు లేదు. పక్కనే ఉన్న ఏక్‌బాల్‌పూర్ అంతా తిరిగి అద్దెకు గది అడిగారు. రేషన్ కార్డు లేదనేసరికి అందరూ తలుపులు వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన దాలమ్మ మొగుడు బైరాగి చొక్కా అయినా విప్పలేదు.

"మా పనోళ్ల మీదుండే సర్దార్ పిలిసి గట్టిగా సెప్పేసినాడే. బయటోళ్లుంటే క్వార్టర్ తీసేస్తారంట. ఆదోరం లోపల ఆళ్లని పంపెయ్యాల."

"ఎక్కడికి పంపుతావు?" అంది దాలమ్మ.

"నాకేటి తెలుసు? మంచంలో ఉన్న మాయమ్మని ఏసుకుని మనం ఏ రోడ్డు మీద పడాల?"

నిజానికి దాలమ్మకూ ఓపిక అయిపోయింది. "నానేటి సెయ్యను మరి? నీడైతే ఇచ్చినాం గదా! అంతకన్నా మన వల్లేటవుద్ది?" అని పైకే అనేసింది.

గోనెపట్టా కదిలింది. వేదవతి మూట కట్టుకుని నిలబడి ఉంది.

"ఎల్లిపోతాం ఒదినా. మీ మేలు మర్సిపోను. లోపల గడియున్న గది ఎక్కడున్నా సెప్పండి, ఎంత సిన్నదైనా పర్లేదు."

"వరండా పనికిరాలేదా ఏటి?" దాలమ్మకు రోషం వచ్చింది.

"ఆడపిల్ల ఒదినా. రెండుసార్లు తాగినోళ్లు పట్టా ఎత్తినారు. ఇరవై రాత్రులు దాని కాళ్ల కాడ కూకునే ఉన్నాను. నిద్దరోనేదు."

ప్రతి ఉదయం తను తలుపు తీసేసరికి ఈమె లేచి కూర్చునే ఉండేది. పాపం, పెందలాడే లేచే మనిషి అనుకునేది దాలమ్మ. ఇప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.

మంచం మీంచి అత్త అప్పమ్మ దగ్గుతూ పిలిచింది. "ఒరే బైరాగీ! ఆడోళ్లం లోపల సర్దుకుంటాం. వరండాలో నువ్వు పడుకో."

"మరి సర్దార్‌కేటి సెప్పాలే అమ్మా?"

"సెల్లెలని సెప్పు. కాదంటే నన్ను మోసుకెల్లు. ముప్పై ఏళ్లు ఈ ఈదులు ఊడ్సినదాన్ని, నానడుగుతాను."

బైరాగి సర్దార్ దగ్గరికి నడిచాడు. గంటకు తిరిగొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"నెల గడువిచ్చినాడు. అది అయ్యాక మళ్లీ కాళ్లట్టుకోవాల." ఆ తరవాత వేదవతి వైపు తిరిగాడు. "మూట ఇప్పెయ్, సెల్లమ్మా."

దాలమ్మ లోపల చాప పరిచింది. తల్లీకూతుళ్లను పడుకోబెట్టి, "గడియెట్టుకో" అని చెప్పి బయటికి వచ్చింది. గడియ పడిన చప్పుడు విన్నాక గుమ్మంలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పొయ్యి లోపలే ఉంది. బైరాగికి ఆకలి వేస్తోంది. అయినా సాయంత్రం దాకా మొగుడూ పెళ్లాల్లో ఎవరూ తలుపు తట్టలేదు.