టైటానియం కప్పు, చిటికెడు పసుపు

"ఈసారి టార్గెట్ తుంటి కీలు," అన్నాడు చీఫ్ శ్యాంసుందర్.

ఏజెంట్ మతీన్ నవ్వలేదు. ఆర్కిడ్ ముఠాను చూసి నవ్వీ నవ్వీ అతని దవడలు ఎప్పుడో అరిగిపోయాయి. సముద్రాలు దాటి వరంగల్ దాకా వచ్చిన ఆ మహానుభావులకు కావలసింది ఒక టైటానియం కప్పు!

హసన్‌పర్తి ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ లోహపు పొడిని పొర మీద పొర కరిగించి చేసిన, తుంటి గుంతలో అమర్చే కప్పు అది. ఒళ్లంతా సన్నటి రంధ్రాలు. ఎముక వాటిలోకి పెరిగి గట్టిగా పట్టుకుంటుంది. అసలుది కొట్టేసి, పైపైన గరుకుపెట్టిన నకిలీది పంపాలని ఆర్కిడ్ ప్లాన్. నకిలీది ఊడుతుంది, ల్యాబ్ పరువు పోతుంది. ఆపైన మన డిజైన్‌నే వాళ్ల బ్రాండ్ వేసి మనకే అమ్ముతారు. సిగ్గులేని జన్మలు!

మధ్యలో నలిగేది పాలంపేట మల్లక్క. తుంటి అరిగి మంచాన పడ్డ కూలిమనిషి. ఆ కప్పుతోనే ఆ ఉదయం ఆమెకు ఆపరేషన్.

దవాఖాన అటెండర్ వేషంలో మతీన్ ఆమె స్ట్రెచర్ తోస్తున్నాడు.

"తమ్మీ, మళ్ల నా కాళ్ల మీద పొలం దాక పోతనా?"

"జర ఫికర్ చెయ్యకక్కా. పోతవ్."

మల్లక్కను ఆపరేషన్ థియేటర్ లోపలికి పంపి, ఖాళీ స్ట్రెచర్‌తో తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్కడే సౌమ్య. ల్యాబ్‌లో మన డిపార్ట్‌మెంట్ పెట్టిన ఏజెంట్. పట్టుచీర, పెద్ద హ్యాండ్‌బ్యాగ్, సినిమా నవ్వు.

"రామప్పల వాన పడ్డదా?"

"ఇటుకలు తేలాయి," కోడ్‌వర్డ్ అప్పజెప్పింది. "ప్యాకేజ్ సేఫ్."

అసలుదో నకిలీదో తేల్చడానికి ఢిల్లీ వాళ్లిచ్చిన స్కానర్ పెన్ను ఆమె బ్యాగు వైపు పెట్టి నొక్కాడు. పచ్చలైటు. ఆ దిక్కుమాలిన పెన్ను నిన్న సమోసాకు కూడా పచ్చలైటే చూపించింది.

కాసేపటికి నర్సు తలుపు తీసింది. "కప్పు ఇయ్యుండ్రి, డాక్టరమ్మ అడుగుతాంది!"

సౌమ్య అట్టపెట్టె అందించింది. సీలు, లేబులు, బార్‌కోడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ నిన్న ల్యాబ్ హెడ్ పద్మలత తొలి కప్పని మురిసిపోయి, ఆ మూత మీద పసుపుబొట్టు పెట్టి దండం పెట్టుకుంది. మతీన్ కళ్లారా చూశాడు. ఇప్పుడా మూత తెల్లగా ఉంది.

"ఆగు సిస్టర్! సౌమ్యా, బొట్టేది?"

"తుడిచేశాను. హైజీన్!"

"అట్ట మీద పసుపు తుడిస్తే పోతదా? ఎన్నడన్న వంటింట్లకు పోయినవా?"

సౌమ్య లిప్‌స్టిక్ తీసి గురిపెట్టింది. అందులో తుపాకి ఉంది. నొక్కింది. పేలలేదు. ఆర్కిడ్ సరుకు మరి! మతీన్ స్ట్రెచర్‌తో ఒక్క తోపు తోశాడు. ఆమె కూలబడింది, హ్యాండ్‌బ్యాగ్ నోరు తెరిచింది. అందులోంచి మూత మీద పసుపుబొట్టున్న అసలు పెట్టె దొర్లింది. నర్సు దాన్ని అందుకుని లోపలికి పరుగెత్తింది.

కొన్ని నెలలకు మల్లక్క పొలం గట్టు మీద నిలబడి నాట్లు వేసేవాళ్లను కేకలేస్తోంది.

ఆర్కిడ్ సైంటిస్టులు చెమటోడ్చి చేసిన నకిలీ కప్పు మా ఆఫీసు క్యాంటీన్‌లో ఉంది. పల్లీచట్నీ పోస్తున్నారు. ఒక్క చుక్క కారదు.