విచ్చుకోని పారాచూట్లు

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ జాహ్నవి ఆఫీసు తలుపు తోసుకుని నీల్ లోపలికి వచ్చాడు.

"ఆంటీ, నా చెల్లి చచ్చిపోతుంది. తప్పు నాదేనంటున్నారు."

సైన్యానికి విమానాల్లో సరుకు చేరవేసే కంపెనీలో పారాచూట్లు మడిచి కట్టడం అతని పని. చెల్లెలు కృతి సైనికురాలు. ఉత్తరాన గడ్డకట్టిన సముద్రం మీద తన దళంతో ఉంది. ఉదయం జారవిడిచిన మూటల్లో ఒక్క పారాచూట్ కూడా విచ్చుకోలేదు. దళం హీటర్లకి పంపిన ఇంధనమంతా మంచు పాలైంది. శాటిలైట్ ఫోన్‌లో కృతి ఒకటే అడిగింది: "అన్నా, కట్టింది నువ్వేనా?" అంతలో లైను తెగింది. మేనేజర్ ఉమాకాంత్ నీల్‌ని అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. రెండో విమానం కాసేపట్లో బయలుదేరుతుంది. ఆపైన తుపాను; మళ్లీ ఎగరడం కుదరదు.

జాహ్నవి కోటు అందుకునేసరికి అసిస్టెంట్ ఆర్యన్ కారు స్టార్ట్ చేశాడు.

కంపెనీలో పారాచూట్లు మడిచే షెడ్డులో హీటర్ లేదు. బయట ఎంత చలో లోపలా అంతే. నేల పొడిగా ఉంది. పక్కన విమానాలు నిలిపే హ్యాంగర్‌లో అడుగుపెట్టగానే వెచ్చదనానికి జాహ్నవి కళ్లద్దాలు తెల్లబడ్డాయి. తుడుచుకుని చూస్తే, సిమెంటు నేల మీద వరసగా చదరపు తడి మరకలు.

మూటలు షెడ్డు నుంచి తిన్నగా విమానం ఎక్కాయనీ, తప్పంతా మడతలోనే ఉందనీ ఉమాకాంత్ చెప్పాడు. లోడింగ్ చేసే హర్షిత్ తల దించుకున్నాడు.

"కుర్రాడి మీద జాలి ఉంటే ఇంటికి తీసుకెళ్లి కాఫీ ఇవ్వండి మేడమ్," అన్నాడు ఉమాకాంత్.

జాహ్నవి అందరినీ బయట నిలిపిన విమానం దగ్గరికి పిలిచి, అందులో ఎక్కించిన ఒక పారాచూట్ విప్పించింది. గుడ్డ విడిపోలేదు. పొర మీద పొర అతుక్కుని అట్టలా వచ్చింది.

ఆర్యన్ గుడ్లప్పగించి చూశాడు. "మేడమ్, ఇదెలా?"

"చలిలోంచి వెచ్చగా ఉన్న చోటికి వస్తే నా కళ్లద్దాలకి చెమ్మ పట్టింది. మడతలకీ అలాగే పట్టింది. బయటికి తెచ్చాక గడ్డకట్టింది. షెడ్డులో హీటర్ పెట్టనిది అందుకే. మూటలు తిన్నగా విమానమెక్కితే హ్యాంగర్‌లో ఆ మరకలేంటి, ఉమాకాంత్ గారూ?"

జవాబు హర్షిత్ నుంచి వచ్చింది. "చలికి మూటల పట్టీల బకిల్స్ బిగుసుకుపోయి లోడింగ్ లేటవుతోందని సారే లోపల పెట్టించారు. రెండుసార్లూ."

"కాసేపే కదా అనుకున్నాను," అన్నాడు ఉమాకాంత్.

విమానం ఆగింది, తుపాను ఆగదు. షెడ్డులో మిగిలిన పారాచూట్ల ముందు నీల్ గ్లవ్స్ తీసేసి కూర్చున్నాడు. అందరూ గుడ్డ పట్టారు, ఉమాకాంత్ కూడా. చివరి మూట ఎక్కేసరికి నీల్ వేళ్లు తెల్లగా పాలిపోయాయి. మంచు మొదలవుతుండగా విమానం లేచింది.

చాలాసేపటికి నీల్ ఫోన్ మోగింది.

"అన్నా, ఈసారి కట్టింది కూడా నువ్వేనా?"

నీల్ ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. అవతల హీటర్ మండుతున్న చప్పుడు వినిపిస్తోంది.