టార్చ్ కదిలిన చోట

"టార్చ్ కదపొద్దన్నానా!"

"చెయ్యి లాగేస్తోందండీ!"

"గరిట తిప్పడం కాదిది!"

"ఆ గరిటే లేకపోతే ఈపాటికి మీరే టార్చ్‌లా సన్నబడిపోయేవారు!"

రాత్రి. షెడ్డు. నాలుగు జాకీల మీద ప్లైవుడ్ గది... మంచం, పొయ్యి, కిటికీ అన్నీ అందులోనే. దాని కింద, క్యాబిన్ వెనక, బోడి లారీ ఛాసిస్... ఉత్త ఇనప చట్రం. గదిని దానిమీదికి దించాలంటే ముందు బ్రాకెట్లు బిగించాలి. భార్య టార్చ్ పడుతోంది, భర్త చట్రం మీది పాత రంగు గీకుతున్నాడు.

టప్!

పుట్టీ ముక్క ఊడిపడింది. వెనక రంధ్రం!

"ఫొటో తియ్."

ప్రతి పనికీ ఫొటో ఉండాలని ఆయన పట్టు. తీసింది. అప్పుడు చూసింది...

గుండ్రంగా లేదు. ఒకదాని మీదికొకటి ఎక్కిన రెండు సున్నాలు!

ఆమె టార్చ్ ఇంకా దగ్గరికి జరిపింది.

ఆ రంధ్రం ఆమెకు తెలుసు!

తమ్ముడు తన లారీ కొన్న కొత్తలో, నీళ్ళ డబ్బా తగిలించడానికి డ్రిల్ చేశాడు. టార్చ్ పట్టింది తనే. "కదిపేశావక్కా! పోన్లే, నా బండికి నీ దిష్టిచుక్క!" అని నవ్వాడు.

రెండేళ్ళ కిందట లారీతో సహా మాయమయ్యాడు. సరుకు అమ్ముకుని పారిపోయాడన్నారు. దొంగ అన్నారు.

ఈ లారీకి క్యాబిన్ వేరు. రంగు వేరు. నంబరు వేరు. వేలంలో దొరికిందని తెచ్చి ఇచ్చింది... బావగారు!

"ఏవండీ... ఇది మా తమ్ముడి లారీ!"

భర్త ఆమె మొహం చూడలేదు. టార్చ్ లాక్కుని ఆర్పేశాడు.

"పిచ్చి మాటలు! అన్నయ్య భోజనానికి కూర్చున్నాడు. వెళ్ళి వడ్డించు. నేను వస్తా."

వడ్డిస్తోంది.

"బావగారూ, ఆ బండి నిజంగా వేలంలోదేనా?"

ఆయన చేతిలో ముద్ద ఆగింది.

"చూడమ్మా, చక్కగా గది కట్టుకున్నారు. ఊళ్ళు తిరగండి. పునాదులు తవ్వకు."

చిటచిట!

షెడ్డు వైపు కిటికీలో నీలి మెరుపు... మళ్ళీ... మళ్ళీ!

వెల్డింగ్! రంధ్రం మూసేస్తున్నాడు!

అంటే... ఈయనకూ తెలుసు!

పదేళ్ళ కాపురం ఆ వెలుగులో ఒక్కసారి కనిపించి ఆరిపోయింది. గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఫోన్ తీసింది. రెండుసార్లు నొక్కింది. పెట్టేసింది.

భర్త వచ్చాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు. ఎప్పటిలాగే అన్నం పెట్టింది.

"ఫొటో మా తమ్ముడి భార్యకి పంపాను. పొద్దున ఇద్దరం పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాం. మా వాణ్ణి ఏం చేశారో వాళ్ళే అడుగుతారు."

"ఎవర్ని?" బావగారి గొంతు గరుకుగా పలికింది.

ఆమె భర్త వైపే చూస్తోంది.

"ఇందాక ఒక్క పేరే చెబుదామనుకున్నాను బావగారూ... ఇప్పుడు రెండు!"