హంతకుడెవరో చెప్పేయనా?

"మీ బాబాయి ప్రెస్‌మీట్ ఆపించగలవా?"

చీఫ్ కూర్చోమని కూడా అనలేదు. డిపార్ట్‌మెంట్‌లో 'పిచ్చుక' అన్న కోడ్‌నేమ్‌తో పనిచేసే ఆమె తల అడ్డంగా ఊపింది.

"పిన్ని ఇన్నేళ్లుగా ఆయన చేత సిగరెట్టే మాన్పించలేకపోయింది సార్."

"అయితే విను. సాయంత్రం ఆయనొక విదేశీ క్రైమ్ నవల విడుదల చేస్తున్నాడు. రాసినవాడు మాజీ గూఢచారి. ఆయుధాల ముఠా గుట్టంతా నవలగా రాసి ఎక్కడో దాక్కున్నాడు. ఇవాళ వీడియోలో విలేకరులతో మాట్లాడతాడట. లైన్ కాసేపు నిలిస్తే చాలు, ముఠా ట్రాకర్ అతని అడ్రస్ లాగేస్తుంది. ఆ తర్వాత శవమే."

"బలవంతంగా ఆపేస్తే?"

"ట్రాకర్ తెచ్చినవాళ్లు జారుకుంటారు. వాళ్లూ కావాలి, రచయితా బతకాలి. ముఠాలో మన మనిషి ఒకావిడ అక్కడికి వస్తుంది. 'రెండో ముద్రణ ఎప్పుడు?' అంటుంది. 'మొదటిది అమ్ముడయ్యాక' అను."

"మారువేషం?"

"అక్కర్లేదు. అన్న కూతురిగానే వెళ్లు."

చీఫ్ ఒక వాచీ ఇచ్చాడు. దగ్గర్లో ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుంటే అది వేడెక్కుతుంది.

బాబాయి ప్రచురణ సంస్థంటే మేడ మీద రెండు గదులు. ఎటు చూసినా పుస్తకాల కట్టలు, జిగురు వాసన. పెద్ద సంస్థలు వద్దన్న విదేశీ నవలలు ఏరికోరి అనువాదం చేయించి వేయడం ఆయన పిచ్చి. తండ్రి పోయాక పిచ్చుకను పెంచింది ఆయనే. ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తోందనే ఆయన నమ్మకం.

"వచ్చావా అమ్మడూ! ఆ కుర్చీలు సర్దు. ఇదుగో, ఈవిడ మన ఏజెంట్."

పిచ్చుక గుండె ఝల్లుమంది.

"అదే, రచయిత తరఫు లిటరరీ ఏజెంట్," అన్నాడు బాబాయి మురిసిపోతూ.

బూడిదరంగు కోటు, మెడలో ఎర్రటి స్కార్ఫ్. గదిలో సగం మంది చూపులు ఆవిడ మీదే ఉన్నాయి. తనే స్వయంగా బాబాయి కాలర్‌కు మైక్ తగిలించి, పిచ్చుక వైపు తిరిగింది.

"రెండో ముద్రణ ఎప్పుడు?"

"మొదటిది అమ్ముడయ్యాక."

"ట్రాకర్ ఆ కెమెరామన్ దగ్గరుంది," అంది ఆవిడ పెదవులు కదపకుండా.

విలేకరులు నిండిపోయారు. "కథ ఎంతైనా రాసుకోండి, హంతకుడెవరో మాత్రం బయటపెట్టారో, మీకూ నాకూ చెల్లు!" అని బాబాయి ఒక్కొక్కరికీ వేలు చూపిస్తున్నాడు. పిచ్చుక కుర్చీల మధ్య నుంచి కెమెరామన్ పక్కకు చేరింది. వాచీ చల్లగా ఉంది. కెమెరా మీద చెయ్యి ఆనించింది. అప్పటికీ చల్లగానే ఉంది.

"చీఫ్ మనిషినే తల్లీ," అని గొణిగాడతను. "నన్నొదిలి పని చూసుకో."

ఆవిడ అబద్ధం చెప్పిందన్నమాట!

తెర వెలిగింది. మాసిన గడ్డంతో రచయిత కనిపించాడు. "నేను బతికే ఉన్నానని నా కూతురికి తెలియాలి. అందుకే ఇంత తెగింపు," అంటున్నాడు.

మంచినీళ్ల గ్లాసు వంకతో పిచ్చుక వేదిక దగ్గరకు నడిచింది. ఒక్కో అడుగుకూ వాచీ వేడెక్కుతోంది. బాబాయి ఎదుటికి చేరేసరికి మణికట్టు చురుక్కుమంది. కాలర్ మైక్! దాని తీగ తిన్నగా వీడియో నడుస్తున్న లాప్‌టాప్‌లోకి వెళ్తోంది. మైక్ మీద పచ్చ దీపం అంతకంతకూ వేగంగా మిణుకుతోంది.

నడుముకి గట్టిగా ఏదో ఆనింది. ఎర్ర స్కార్ఫ్ చాటున పిస్తోలు.

"కదిలితే ముందు మీ బాబాయే," అంది ఆవిడ చిరునవ్వుతోనే.

తన ప్రాణమైతే పిచ్చుక పణం పెట్టేసేది. బాబాయి మాత్రం ఏమీ తెలియకుండా చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నాడు. పచ్చ దీపం ఇక నిలకడగా వెలగబోతోంది; వెలిగిందంటే అడ్రస్ దొరికినట్టే.

కదలొద్దంది గానీ మాట్లాడొద్దనలేదు కదా!

"బాబాయ్!" అని గొంతెత్తింది పిచ్చుక. "హంతకుడెవరో నేను చెప్పేయనా? అసలు ఆ హత్య చేసింది..."

"ఆగవే!"

బాబాయి వేదిక మీంచి ఒక్క దూకు దూకాడు. తీగ తెగింది, లాప్‌టాప్ నేల మీద పడింది, తెర నల్లబడింది. ఆవిడ చూపు చెదిరిన ఆ క్షణంలో పిచ్చుక ఆమె మణికట్టు మెలిపెట్టింది. పిస్తోలు పుస్తకాల కట్ట వెనక్కి జారింది. కెమెరామన్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "మేడమ్‌కి కళ్లు తిరిగాయి, దారివ్వండి," అంటూ బయటకు నడిపించాడు.

"అడ్రస్ దొరికిందా?" అడిగింది పిచ్చుక గుమ్మం దగ్గర.

"ఇంకో రెప్పపాటు ఆగితే దొరికేది," అంది ఆవిడ పళ్లు బిగించి.

లోపల బాబాయి వగరుస్తూ కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు. "బయటివాళ్లు చేస్తే సరేలే అనుకుందును. ఇంట్లో పిల్లవి, నువ్వే నా నోట్లో మట్టి కొడతావా?"

నిజం చెప్పే వీల్లేదు. పిచ్చుక ఆయన పక్కన చతికిలబడి, ఊరడించడానికి తెలిసిన ఒకే ఒక్క మాట చెప్పింది.

"ఊరుకో బాబాయ్. నాకు హంతకుడెవరో తెలిస్తే కదా! నువ్వు వేసిన పుస్తకం ఒక్కటీ నేనింతవరకూ చదవలేదు."

అప్పటిదాకా ఎర్రగా ఉన్న బాబాయి మొహం, అప్పుడు పాలిపోయింది.