అరచేతంత దిండు

ఉదయం 8:10. క్వారీ గుంటలోంచి క్రేన్ కారును పైకి లాగింది.

ఎడమవైపు డ్రైవర్ సీట్లో ఆర్వో లాహ్తి శవం. సీట్ బెల్ట్ పెట్టే ఉంది. తల వెనక దెబ్బ.

"దొర్లినప్పుడు తగిలుంటుంది. ఆక్సిడెంటే," అన్నాడు డెప్యూటీ.

డిటెక్టివ్ మార్లిస్ కాంగస్ కారు దగ్గరికి నడిచింది. నీటి మీద ఏప్రిల్ మంచు ఇంకా నల్లగా పలకలు కట్టి ఉంది. ఆమె డాష్‌బోర్డు అర తెరిచింది. లోపల అరచేతంత దిండు. చారల గుడ్డ. చేత్తో కుట్టింది.

11:30. లాహ్తిల వంటిల్లు. కాఫీ ఎవరూ ముట్టలేదు.

"పొద్దున్నే గొడవపడ్డాం మేడమ్," అంది ఆర్వో భార్య ఇర్మా. "కావాలనే పోయాడా? అదొక్కటి చెప్పండి."

"ఊరుకో వదినా," అన్నాడు ఆర్వో తమ్ముడు రీనో. "నవ్వుతూనే బయల్దేరాడు. కునుకు పట్టుంటుంది."

"మీరు చూశారా?"

"5:50కి. మా పడవల షెడ్ ముందు. రెండు బారల దూరంలో ఉన్నా."

"బెల్ట్ ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారండీ, చంటిపిల్లాడా? తనే లాగి పెట్టుకున్నాడు."

"భుజానికీ బెల్టుకీ మధ్య ఏమైనా ఉందా?"

"చొక్కా ఉంది."

మార్లిస్ ప్లాస్టిక్ సంచిలోని దిండును బల్ల మీద పెట్టింది. "ఇదేమిటి?"

"సూదులు గుచ్చుకునేదా?" రీనో నవ్వాడు.

ఇర్మా నవ్వలేదు. "నేనే కుట్టాను. అది అడ్డం పెట్టకుండా బెల్ట్ లాగడు. దిగగానే అరలో దాస్తాడు."

"ఫిబ్రవరిలో ఎడమచేతికి బైపాస్ చేశారు," అంది మార్లిస్. "భుజం దగ్గర రక్తనాళం మూసుకుపోతే, కాలి సిర తెచ్చి అతికారు. అది నలిగితే చెయ్యి దక్కదని డాక్టర్ చెప్పాడు."

"ఆరు వారాలు ఆస్పత్రికి తిప్పింది నేను!" రీనో లేచాడు. "ఒక్కనాడూ ఆ దిండు చూడలేదు."

"చూడరు. ఆయన మీ పక్క సీట్లో కూర్చునేవారు. అక్కడ బెల్ట్ కుడి భుజం మీదుగా వస్తుంది, డ్రైవర్ సీట్లో ఎడమ భుజం మీదుగా. తను నడపడం మొదలుపెట్టింది సోమవారమే."

మార్లిస్ దిండు మీద వేలు పెట్టింది.

"ఇది అరలోనే ఉండిపోయింది. ఆయనకి బెల్ట్ పెట్టింది మీరు. అప్పటికే ఆయనకి స్పృహ లేదు."

రీనో కూలబడ్డాడు. "షెడ్ అమ్మడానికి సంతకం పెట్టనన్నాడు," అన్నాడు, నేలతో చెబుతున్నట్టు.

డెప్యూటీ అతణ్ణి బయటికి తీసుకెళ్లాడు.

"అయితే, నన్ను వదిలి పోలేదు," అంది ఇర్మా.

"లేదండీ."

ఆమె సంచిని ఎడమ భుజానికి అదుముకుంది. అది సాక్ష్యం. తిరిగి తీసుకోవాలి.

మార్లిస్ చాలాసేపు అడగలేదు.