కమాను కట్ట మీది తోరం

పికప్ కాలువ ఒడ్డు బురదలో తలకిందులుగా పడి ఉంది. నాలుగు చక్రాలూ ఆకాశాన్ని చూస్తున్నాయి. డ్రైవరు శవాన్ని గట్టు మీద పడుకోబెట్టి పైన తెరచాప గుడ్డ కప్పారు.

స్థలం, జువ్వలదిన్నె దగ్గర బకింగ్‌హాం కాలువ కట్ట. సంవత్సరం 1963. ఉదయం ఏడు దాటింది.

ఇన్‌స్పెక్టర్ జయరామయ్య జీపు దిగాడు. కాలువ నీళ్ళలో చేపల గంపలు తేలుతున్నాయి. కాకులకు పండగగా ఉంది.

హెడ్ కానిస్టేబుల్ సమాధానం సెల్యూట్ కొట్టాడు.

"కేసు తేలిపోయింది సార్. మర్డర్. ముద్దాయిని గూడా పట్టుకొచ్చేసినాం."

"ఎవరు?"

"మెకానిక్ మస్తానయ్య. బిట్రగుంటలో షెడ్డు."

సమాధానానికి ఏ కేసయినా టిఫిన్ వేళకల్లా తేలిపోతుంది. అందుకే జయరామయ్య అతని మాట వినేటప్పుడు ఒక చెవి తన దగ్గరే ఉంచుకుంటాడు.

చనిపోయినవాడి పేరు గంగాధరం. చేపలు పట్టే కుటుంబం. మద్రాసులో మిలిటరీ వేలంలో ఆ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాడు. రేవులో చేపలూ ఐసూ ఎక్కించుకుని, ఇసకలో పడి, బిట్రగుంట స్టేషనుకు చేరవేసేవాడు. బరువుకు బండి వెనక భాగం కుంగి ఇసకను రాసుకునేది. అందుకని ఈమధ్యే మస్తానయ్య చేత వెనక బరువు మోసే స్ప్రింగులు, అంటే కమాను కట్టలు రెండింటిలోనూ కొత్త ఇనుప పట్టీలు వేయించాడు. ఆ పట్టీలన్నిటినీ ఇరుసుకు అదిమి పట్టేవి యూ బోల్టులు.

"ఇట్లా చూడండి సార్." సమాధానం కుడివైపు చూపించాడు. "బోల్టులు వదులయినాయి. ఇరుసు కమాను కట్ట మీంచి జారింది. తెల్లారుజామున మలుపులో బండి అడ్డం తిరిగి కాలవలో పడింది."

"వదులు చేసిందెవరు?"

"స్పానరు ఉన్నోడే గదా సార్. నిన్న షెడ్డు ముందర ఇద్దరూ తగువాడుకున్నారు. చెంచురామయ్య చూసినాడు."

చెంచురామయ్యవి ఎద్దుబండ్లు. పికప్ రాకముందు ఊరి చేపలన్నీ వాటి మీదే స్టేషనుకు పోయేవి. అతను తుండుగుడ్డ చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఏం చూశావు?"

"మస్తానయ్య స్పానరు పట్టుకుని బండి కిందికి దూరబోయినాడు సార్. గంగాధరం కాలు పట్టి బయటికి లాగినాడు. స్పానరు గుంజుకుని రోడ్డు మీదికి విసిరేసినాడు."

"ఏమని తగువు?"

"దూరంగా ఉండాను. మాటలు వినపళ్ళా."

"ఈ పికప్ వచ్చాక నీ బండ్లకు బేరం పోయింది కదా?"

"పోయింది సార్. దానికని మనిషిని చంపుకుంటానా? ఆ బోల్టు యాడుంటదో గూడా నాకు తెలీదు."

ముఖం చూస్తే నిజంగానే తెలియనట్టు ఉంది.

మస్తానయ్యను సరుగుడు చెట్ల నీడలో కూర్చోబెట్టారు. చేతులకు బేడీలు. చొక్కా మీద గ్రీజు మరకలు.

"తగువెందుకు వచ్చింది?"

"ఏదో మాట సార్."

"ఏ మాట?"

మస్తానయ్య బేడీల చేతులతో చొక్కా మీది గ్రీజు రుద్దుకున్నాడు.

"బోల్టులు వదులు చేశావా?"

"లేదు సార్."

"మరి ఎలా వదులయ్యాయి?"

మస్తానయ్య శవం వైపు చూశాడు. శవం తల దగ్గర గంగాధరం తల్లి కామమ్మ కూర్చుని ఉంది. భర్త పోయాక ఒక్కగానొక్క కొడుకును రెక్కల కష్టంతో పెంచుకొచ్చిన మనిషి. మస్తానయ్య చప్పున చూపు తిప్పేసుకున్నాడు.

"తప్పు నాదే అని రాసుకోండి సార్."

"పిచ్చివాడా! అలా రాస్తే ఉరికంబం ఎక్కుతావు. పెళ్ళాం పిల్లలున్నారా?"

"ఉండారు సార్."

జయరామయ్యకు ఒళ్ళు మండింది. నేరం చేయలేదంటాడు, తప్పు తనదేనంటాడు. విసవిసా పికప్ దగ్గరికి వెళ్ళాడు. కుడివైపు అందరూ చూశారు. ఎడమవైపు ఎవరూ చూసినట్టు లేదు. వంగాడు.

బురద పక్కన ఏదో పసుపుపచ్చగా కనిపించింది. వేలితో తుడిచాడు. నట్ల చుట్టూ చుట్టి ముడేసిన పసుపు తోరం. ముడి చెక్కుచెదరలేదు. బోల్టు పట్టుకుని కదిపి చూశాడు. లొడలొడలాడింది.

నిజం దొరికితే పోలీసువాడికి సంతోషం కలగాలి. జయరామయ్యకు మాత్రం ఇటు వైపు రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

అందరినీ పికప్ దగ్గరికి పిలిచాడు. కామమ్మ కూడా లేచి వచ్చింది.

"అమ్మా, నువ్వు ఇంటికి వెళ్ళు. తర్వాత నేనే వస్తాను."

"నా బిడ్డను చంపినోడి పేరు వినకుండా నేను పోను నాయనా."

ఇక దారి లేదు. "ఈ తోరం ఎవరు కట్టారు?"

"నేనే. కొత్త ఇనుము పెట్టినారు గదా, రెండు పక్కలా కట్టినాను. మా పడవకు కొత్త చుక్కాని పెడితే కడతాం. సముద్రమే దాన్ని తెంపుకోవాల. అది తనంతట తాను తెగేదాకా దాని మీద ఎవురి చెయ్యీ పడగూడదు. పడితే ఇంటికి కీడు."

జయరామయ్య సమాధానం వైపు తిరిగాడు.

"స్పానరు పెడితే ఈ తోరం ఉంటుందా?"

"ఉండదు సార్. తెగుద్ది."

"తెగిందా?"

"లేదు."

"బోల్టు కదుపు."

సమాధానం కదిపాడు. లొడలొడ. మళ్ళీ కదిపాడు.

"ఎవరూ వదులు చేయలేదు. బరువు పడ్డాక కొత్త పట్టీలు సర్దుకుని కట్ట కుదించుకుపోతుంది. నట్టు ఉన్నచోటే ఉంటుంది, పట్టు మాత్రం పోతుంది. అందుకే మొదటి లోడు తోలాక మళ్ళీ బిగించాలి. మా జీపుకూ అలాగే చేశారు. మస్తానయ్యా, నిన్న స్పానరు తీసింది అందుకేనా?"

మస్తానయ్య తల దించుకున్నాడు. అవునన్నట్టు ఊపాడు.

మిగతాది చెప్పడానికి జయరామయ్యకు నోరు రాలేదు. చెప్పకపోతే మస్తానయ్య జైలుకు పోతాడు. చెప్తే ఈ తల్లి ఏమైపోతుంది? ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత చేతకానివాడినని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

కామమ్మే అడిగింది.

"అంటే... మస్తానయ్య బిగిస్తానంటే నా కొడుకే వద్దన్నాడా?"

సమాధానం టోపీ తీశాడు.

"నా తోరం తెగుతుందనా?"

మస్తానయ్య భోరుమన్నాడు. "అమ్మ కట్టింది, ముట్టుకుంటే ఊరుకోనన్నాడమ్మా. బతిమాలినాను. ఇన్నాడు కాదు."

"నీకు తెలుసు గదా నాయనా. లాగి ఒకటి కొట్టి తెంచేయకపోయినావా?"

"నువ్వు కట్టింది గదమ్మా. నాకూ చెయ్యి రాలా."

కామమ్మ కుడివైపుకు నడిచింది. అక్కడ తోరం లేదు. ఇరుసు జారినప్పుడు దానంతట అదే తెగిపోయింది.

జయరామయ్య సైగ చేశాడు. సమాధానం మస్తానయ్య బేడీలు విప్పాడు. వాటిని ఏం చేయాలో తెలియనట్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

కామమ్మ తిరిగి వచ్చి సమాధానం ముందు రెండు చేతులూ చాపింది. గోళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఉంది.

"వెయ్యి నాయనా."

సమాధానం ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. జయరామయ్య కాలువ వైపు చూస్తున్నాడు.

"బేడీలు జీపులో పెట్టు," అన్నాడు చివరికి.

సమాధానం వెళ్ళిపోయాడు. కామమ్మ మాత్రం చేతులు దించలేదు.