బల్ల అడుగున

“ఆపండి! ఆపండి! అంతా తిరగబడింది!”

మా షెడ్డులో అడుగుపెడుతూనే ఆమె అన్న మొదటి మాట అది. చేతిలో గొడుగు, చంకలో డ్రాయింగుల చుట్ట, ముఖంలో కొంపలు మునిగినంత కంగారు.

ఒక కొత్త ఆఫీసుకు ఇంటీరియర్ డిజైన్ ఆమెది. సొంతంగా చేస్తున్న మొదటి పని. అక్కడి వర్క్‌స్టేషన్లకు కాంక్రీటు బల్లలు పోస్తున్నది నేను. నాన్నకు నడుం పట్టేయడంతో ఆయన లేకుండా చేస్తున్న మొదటి పని. అంటే ఇద్దరం కొత్తవాళ్ళమే. కాకపోతే ఆ సంగతి ఒప్పుకునే అలవాటు నాకు లేదు.

“ఏది తిరగబడింది డిజైనర్ గారూ?” అన్నాను చేతులు కట్టుకుని.

“ఈ ఎల్ ఆకారం బల్ల! నేను మలుపు కుడివైపు గీస్తే మీరు ఎడమవైపు పెట్టారు.”

కాంక్రీటు పోయడానికి కట్టిన అచ్చు అడుగున ఉన్న నున్నటి చెక్కను తట్టి చూపించాను.

“కాంక్రీటు బల్లను బోర్లా పోస్తామండీ. ఇప్పుడు అడుగున ఉన్నదే రేపు పైకొస్తుంది. తిరగేస్తే ఎడమ కాస్తా కుడి అవుతుంది. అందుకే డ్రాయింగును అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు కడతాం.”

ఆమె ముఖం ఎర్రబడింది. “ముందే చెప్పొచ్చుగా!”

“ఆపండి, ఆపండి అంటుంటే నాకు సందెక్కడిచ్చారు?”

గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కనపడలేదు గానీ భుజాలు ఊగుతున్నాయి. ఆ రోజంతా నా చెయ్యి పని మీద నిలవలేదు.

అప్పటినుంచి రంగు చూడాలని ఒకసారి, అంచు చూడాలని ఒకసారి వస్తూనే ఉంది. నేనూ తక్కువ తినలేదు. ఫోన్లో తేలిపోయే సందేహానికి కూడా ఆఫీసు దాకా వెళ్ళేవాణ్ణి.

“టేపు మీ చేతిలో పెట్టుకుని కొలత నన్నడుగుతారేంటి మేస్త్రీ గారూ?” అని ఏడిపించేది.

మామూలు బల్లలన్నీ అయిపోయాయి. హాలు మధ్యలో పెట్టాల్సిన ఆ ఎల్ ఒక్కటే ఇంకా పోయకుండా మిగిలింది. అక్కడ స్తంభం అడ్డొస్తోందని కొలత తగ్గించి ఆమె కొత్త డ్రాయింగ్ పంపింది. ఆఫీసు మేనేజరుకేమో మొదటినుంచీ కాంక్రీటంటే గిట్టదు. “ఓపెనింగుకు ఎల్ రాకపోతే అన్నీ పీకించి చెక్కబల్లలు వేయిస్తా” అని తేల్చి చెప్పాడు. అలా జరిగితే ఆమె డిజైనూ పోతుంది, నాన్న ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్న పేరూ పోతుంది.

బల్ల తిరగేసే రోజు ఆమె నా పక్కనే నిలబడింది. కూలీలతో కలిసి నెమ్మదిగా తిప్పాం. ఎక్కడా గాలిబుడగ లేదు. నున్నగా, వెన్నలా వచ్చింది. నేను కాలరెగరేశాను.

ఆమె నవ్వలేదు. “మలుపు ఎడమకుంది” అంది నీరసంగా.

“ఉండదే! డ్రాయింగును తిప్పే కట్టాను.”

“నేను ముందే తిప్పి గీసి పంపాను! మీకు శ్రమ తగ్గుతుందని.”

“చెప్పాలిగా!”

“అడగాలిగా!”

సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్. స్పీకర్ పెట్టాను. “ఎల్ ఎలా వచ్చిందిరా?”

“తప్పు నాదే నాన్నా, చూసుకోలేదు.”

“కాదంకుల్, నాదే! చెప్పకుండా తిప్పి గీశాను.”

“తప్పు నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా. అదంతా తర్వాత తేల్చుకోండి. ముందు అచ్చు కట్టండి.”

కట్టాం. ఆమె చేతులు పైకి మడిచి, నా పాత గ్లౌజులు తొడుక్కుని దిగింది. రేకుల మీద వాన దంచికొడుతోంది. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే.

“మీ ముక్కు మీద సిమెంటుంది!”

“అయితే తుడవండి! నా చేతులు ఖాళీగా లేవు!”

తుడిచాను. నా చెయ్యి అంతకన్నా అధ్వాన్నంగా ఉందని, ఆమె బుగ్గ కూడా బూడిదరంగులోకి మారాక గానీ తెలియలేదు. ఆ బూడిదరంగులోనే ఎంత బాగుందో చెప్పలేను. నాకు ఈ పిల్లంటే ఇష్టం, అంతే.

పోత పూర్తయింది. పచ్చి కాంక్రీటు చదును చేసి, ఓ మూల బొటనవేలు నొక్కాను.

“అదేంటి?”

“మా షెడ్డు ఆనవాయితీ. పోసినవాళ్ళ ముద్ర. తిరగేశాక అడుగుకి పోతుంది, ఎవరికీ కనపడదు. మనకు మాత్రం తెలుస్తుంది.”

ఆమె గ్లౌజు తీసి, నా ముద్ర పక్కనే తన వేలు నొక్కింది. “నేనూ పోశానుగా. సగం నాది.”

“చెయ్యి కడుక్కోండి, మండుతుంది” అంటూ నీళ్ళ బకెట్టు ఆమె ముందుకు జరిపాను.

ఓపెనింగు రోజు ఆ ఎల్ హాలు మధ్యలో స్తంభాన్ని ఒరుసుకుని, కొలిచినట్టు కూర్చుంది. చెక్కబల్లలన్న మేనేజరే దాని మీద మోచెయ్యి ఆనించి ఫొటోలు దిగుతున్నాడు.

“ఇది మనం పోసింది” అంది ఆమె నా పక్కన నిలబడి. ఆ ‘మనం’ విన్నాక నా ఛాతీకి చొక్కా చాల్లేదు.

నడుం పట్టుకుని నాన్న వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట నేను విన్న పెద్ద మెప్పు ‘పర్లేదు’. అరచేత్తో బల్లంతా నిమిరి, “పర్లేదు” అన్నాడు. తర్వాత వద్దంటున్నా వినకుండా, ఫోన్ లైటు వేసుకుని కిందకి దూరాడు. అడుగు చూడందే ఆయనకు తృప్తి ఉండదు.

“ఒరేయ్, రెండున్నాయేంట్రా?”

“ఇద్దరం పోశాం నాన్నా.”

“ఊఁ. మన వంటింటి గట్టు అడుగున ఎప్పుడైనా చూశావా?”

“లేదు.”

“అక్కడా రెండే. నేను పోసిన మొదటి గట్టు అది. ఒకటి నాది. రెండోది ఎవరిదో మీ అమ్మనడుగు.”

నేను ఆమె వైపు చూశాను. తను నా వైపు చూసింది. నేను జేబులోంచి టేపు తీసి, కొలిచేసిన అంచునే మళ్ళీ కొలవబోయాను.

ఆమె వంగి బల్ల కిందకి తొంగిచూసింది. “ఈయన అడిగేలా లేరు. అత్తయ్యని నేనే అడుగుతాను మావయ్యా.”

ఠంగున నాన్న తల బల్లకు తగిలింది.

“దెబ్బ తగిలిందా నాన్నా?”

“బల్ల గట్టిదేరా” అన్నాడు తల రుద్దుకుంటూ బయటికొచ్చి. ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

“బాగుంది” అన్నాడు.

దేన్ని బాగుందన్నాడో నేను అడగలేదు.